పంట లెక్క, అప్పు లెక్క, వాటా లెక్క
(రైతు సంఘం మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, నీళ్ల గురించి, కరెంటు గురించి మాట్లాడుకున్నంతగా ఇంటి లెక్కల గురించి మన సంఘంలో మాట్లాడుకోం. అది ఎవరింటి విషయం వాళ్లదని వదిలేస్తాం. కానీ ఊళ్లో ఒక రైతు హఠాత్తుగా చనిపోయినప్పుడు ఏం జరుగుతుందో మీరంతా చూసినవాళ్లే. దినకర్మ కాకముందే అప్పులవాళ్లు వస్తారు. ఒకరు నోటు చూపిస్తారు, ఒకరు డైరీలో రాసుకున్నది చూపిస్తారు, ఇంకొకరు నోటిమాటే చెబుతారు. ఇందులో ఏది నిజమో, ఎంత తీరిందో ఇంటి ఇల్లాలికి తెలియదు. ఆ లెక్కంతా భర్త తలలో ఉండేది. ఆయనతోపాటే పోయింది. అప్పు మాత్రం ఉండిపోయింది.

అందుకని ఈరోజు మూడు లెక్కలు చెబుతాను. పంట లెక్క, అప్పు లెక్క, వాటా లెక్క. మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నవే. ఐదో తరగతి లెక్కలు వస్తే చాలు.

పంట లెక్క

పత్తి అమ్మి ఇంటికొచ్చిన రైతును ఎంత మిగిలిందని అడిగితే "ఏదో వచ్చింది" అంటాడు. ఆ ఏదో ఎంతో తేల్చాలి. ఒక ఉదాహరణ వేసుకుందాం. ఇవి లెక్క అర్థం కావడానికి నేను వేసిన అంకెలు. మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి.

ఒక ఎకరం పత్తి. దుక్కి, అచ్చు, గుంటకలకు 5,000. విత్తనాలు రెండు ప్యాకెట్లు 1,800. ఎరువులు 6,000. పురుగుమందులు 6,000. కలుపు కూలీ 5,000. 8 క్వింటాళ్లు పండింది, తీత కూలి కిలోకు 12 రూపాయల చొప్పున 9,600. బండి కిరాయి, హమాలీ 1,000. మొత్తం 34,400. క్వింటా 7,000 లెక్కన అమ్మితే 56,000 వచ్చింది. చేతిలో 21,600 మిగిలినట్టు కనిపిస్తుంది.

ఈ 34,400 ఎక్కడి నుంచి వచ్చింది? రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు అనుకుందాం. కొంత జూన్‌లో తెచ్చాడు, కొంత తీతలప్పుడు తెచ్చాడు, సగటున ఆరు నెలలు వేద్దాం. వడ్డీ 4,128. మిగిలింది 17,472. ఇప్పుడు భార్యాభర్తలు ఆ చేలో చేసిన పని లెక్క వేయండి. ఇద్దరిదీ కలిపి 40 రోజులు, రోజుకు 400 అనుకుంటే 16,000. వేరేవాళ్ల చేలో చేసినా ఆ కూలి వచ్చేదే కదా. అది తీసేస్తే మిగిలింది 1,472 రూపాయలు. సొంత భూమికి, ఆరేడు నెలల దిగులుకు దక్కింది అది.

ఇదే ఎకరం కౌలుది అనుకోండి. కౌలు 15,000. పెట్టుబడి 49,400 అవుతుంది, వడ్డీ 5,928 అవుతుంది. 56,000లో ఇవి పోతే 672 రూపాయలు మిగులుతాయి. 40 రోజుల కష్టానికి ఇద్దరికీ కలిపి 672. కూలి కూడా వేస్తే 15,328 నష్టం. అంటే ఆ కౌలు రైతు తన కూలి తానే చేనుకు పెట్టుబడి పెట్టాడు. పుస్తకంలో రాస్తేనే ఇది కనబడుతుంది. రాయకపోతే "ఈసారి కాలం బాగాలేదు" అనుకుని వచ్చే ఏడు ఇంకో రెండెకరాలు కౌలుకు పడతాడు.

ఇది మన ఉద్యమానికి కూడా సంబంధించిన లెక్కే. మద్దతు ధరలు సిఫారసు చేసే వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ మూడు రకాలుగా ఖర్చు కడుతుంది. చేతి నుంచి పెట్టిన ఖర్చు ఎ-2. దానికి కుటుంబ శ్రమ కలిపితే ఎ-2 ప్లస్ ఎఫ్.ఎల్. సొంత భూమికి కౌలు విలువ, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సి-2. స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతు కమిషన్ 2006లో ఖర్చు మీద కనీసం 50 శాతం కలిపి ధర ఇవ్వాలని చెప్పింది. మనం ఆ 50 శాతం సి-2 మీద వేయమంటున్నాం, ప్రభుత్వం ఎ-2 ప్లస్ ఎఫ్.ఎల్. మీద వేసి ఇచ్చేశామంటోంది. మన ఉదాహరణలో కౌలు రైతుకు కౌలు, వడ్డీ, కుటుంబ కూలి అన్నీ కలిపితే 71,328 ఖర్చు. క్వింటాకు 8,916 పడింది. 2025-26లో పొడవు పింజ పత్తికి ప్రకటించిన మద్దతు ధర 8,110. ఊరికి ఇరవై మంది రైతుల పుస్తకాలు బల్లమీద పెట్టి మాట్లాడితే అధికారి తల తిప్పుకోలేడు. "గిట్టడం లేదు" అని నోటితో చెబితే అందరూ అనేదే కదా అంటాడు.

అప్పు లెక్క

రెండు రూపాయల వడ్డీ అంటే చాలామందికి తక్కువగా అనిపిస్తుంది. నూటికి నెలకు రెండు. ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36 శాతం. బ్యాంకువాడు ఏడాది మీద చెబుతాడు, ఊళ్లోవాడు నెల మీద చెబుతాడు. రెంటినీ ఒకే కొలతకు తెచ్చుకుని పోల్చండి.

అసలు దెబ్బ నోటు తిరగరాసేటప్పుడు పడుతుంది. ప్రామిసరీ నోటుకు మూడేళ్లలో కాలదోషం పడుతుంది. అందుకే మూడేళ్లు నిండే ముందు వచ్చి వడ్డీ అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటాడు. లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఏమీ కట్టలేదు అనుకోండి. మూడేళ్లకు 1,72,000. దాన్ని తిరగరాస్తే ఆరేళ్లకు 2,95,840. మళ్లీ తిరగరాస్తే తొమ్మిదేళ్లకు 5,08,844. తిరగరాయకుండా బారువడ్డీయే అయి ఉంటే తొమ్మిదేళ్లకు 3,16,000 అయ్యేది. తేడా దగ్గర దగ్గర రెండు లక్షలు. ఆ రెండు లక్షలు రెండు సంతకాల ఖరీదు. తిరగరాయక తప్పనప్పుడు, వడ్డీ ఎంతోకొంత కట్టి అసలు మీదే నోటు రాయించుకునేలా బేరం చేయండి.

ఇంకో నాలుగు జాగ్రత్తలు. ఒకటి, ఖాళీ నోటు మీద సంతకం పెట్టొద్దు. స్టాంపు అంటించి సంతకం చేసిన ఖాళీ కాగితం ఇస్తే, అందులో అంకె నింపుకునే అధికారం ఇచ్చినట్టే చట్టం చూస్తుంది. రెండు, డబ్బు కట్టిన రోజే నోటు వెనుక చెల్లు వేయించండి. తేదీ, మొత్తం ఉండాలి. సెల్‌ఫోన్‌లో నోటుకు ముందూ వెనుకా ఫొటో తీసుకోండి. చెల్లు మీద మీరు సంతకం చేస్తే కాలదోషం గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతుందని కూడా గుర్తుంచుకోండి. మూడు, అప్పు తీరిపోయాక నోటు వెనక్కి తీసుకోండి. "ఎక్కడో పెట్టాను, తర్వాత ఇస్తాను" అంటే అదే రోజు రసీదు రాయించుకోండి. నాలుగు, పురుగుమందుల కొట్టులో అరువుకు తెచ్చేటప్పుడు నగదు ధర ఎంతో అడిగి బిల్లు తీసుకోండి. అరువు ధరకూ నగదు ధరకూ ఉన్న తేడా వడ్డీయే. పంట ఆ కొట్టువాడికే వేయాలనే షరతుంటే, మార్కెట్ ధరకూ అతను కట్టిన ధరకూ ఉన్న తేడా కూడా వడ్డీయే. ఈ రెండూ పుస్తకంలో వడ్డీ కింద రాయండి. అప్పుడు తెలుస్తుంది ఆ అరువు నూటికి ఎంత పడిందో.

బ్యాంకు అప్పుకు వద్దాం. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోయి 4 శాతమే. 2 లక్షల అప్పుకు ఏడాదికి 14,000 బదులు 8,000. గడువు ఒక్కరోజు దాటినా ఆ 6,000 పోతాయి. గడువు తేదీ గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోండి. రెన్యువల్ కోసం బయట మూడు రూపాయలకు తెచ్చి కట్టేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. 2 లక్షలకు పది రోజులైతే 2,000 వడ్డీ, ఫర్వాలేదు, లాభమే. బ్యాంకువాళ్లు కొత్త రుణం ఇవ్వడానికి నెల రోజులు తిప్పితే 6,000 వడ్డీ, రాయితీ అంతా బయటివాడికి పోయినట్టే. అందుకని కట్టే ముందే మేనేజరును కలిసి, డబ్బు మళ్లీ ఏ తేదీకి ఇస్తారో తేల్చుకోండి. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ లోపు అప్పుకు పొలం తనఖా పెట్టమంటే సంఘం దృష్టికి తీసుకురండి.

కౌలు రైతుకు ఇవన్నీ దొరకవు, అదే పెద్ద అన్యాయం. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో సాగుదారుల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 11 నెలలకు హక్కు పత్రం ఇవ్వాలి. దానికి భూయజమాని సంతకం కావాలన్న షరతు దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. కార్డు వచ్చేదాకా పోరాడదాం. ఈలోపు కౌలు కట్టిన తేదీ, మొత్తం, ఎవరి ఎదుట కట్టారో పుస్తకంలో ఉండాలి.

మనిషి పోయాక అప్పు ఎవరిది?

ఇది శ్రద్ధగా వినండి. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చి తీరాలన్న పాత ధర్మాన్ని 2005లో హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన సవరణ తీసేసింది. ఆ సవరణ తర్వాత చేసిన అప్పుకు, కొడుకు అయినందుకు మాత్రమే అతని మీద దావా నడవదు. చనిపోయిన మనిషి అప్పు ఆయన వదిలిన ఆస్తి మీద ఉంటుంది. ఆ ఆస్తి ఎంత మేరకు వారసుల చేతికి వచ్చిందో అంత మేరకే వాళ్ల బాధ్యత. భార్య డ్వాక్రా పొదుపు, కొడుకు జీతం, కోడలి పుస్తెలు దానికి జవాబుదారీ కావు.

మరి అప్పులవాళ్లు దినకర్మ దగ్గరే ఎందుకు తొందరపడతారు? కొత్త నోటు కోసం. ఆమె చేతనో, కొడుకు చేతనో కొత్త నోటు మీద సంతకం పెట్టిస్తే అది వాళ్ల సొంత అప్పు అవుతుంది. అంతవరకు ఆస్తి మేరకే ఉన్న బాధ్యత ఆ సంతకంతో మనిషి మీదకు వస్తుంది. కాలదోషం పట్టిన నోటు కూడా మళ్లీ బతుకుతుంది. నిజమైన అప్పు ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. మన ఊళ్లో చేబదులు ఇచ్చి ఆదుకున్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల డబ్బు వాళ్లకు చేరాలి. నేను చెప్పేది, లెక్క చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని. నోటు చూపించమనండి, చెల్లులు చూడండి, ఇంటి పుస్తకంతో సరిచూడండి. తొందరేమీ లేదు.

అదే సమయంలో ఇంటికి రావలసినవి చూడండి. బ్యాంకు పాసుపుస్తకంలో ఏడాదికి 436 రూపాయలు కోత పడి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. ఎలా చనిపోయినా 2 లక్షలు వస్తాయి. 20 రూపాయల కోత ఉంటే సురక్షా బీమా. ప్రమాద మరణానికి 2 లక్షలు. ఈ కోతలు దేనికో తెలియక అడగని కుటుంబాలు ఉన్నాయి. తెలంగాణలో 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా కింద 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు. ఇది పట్టా పేరు మీద ఉన్నవాళ్లకే. తాత పేరు మీదే పట్టా ఉండి మనవడు సాగు చేస్తుంటే ఆ ఇంటికి ఏమీ రాదు. ఇక్కడ మూడో లెక్కకు వస్తున్నాం.

వాటా లెక్క

హిందూ కుటుంబాల సంగతి చెబుతాను. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వేరే చట్టాలు, వాళ్లు ఆ చట్టం తెలిసినవాళ్లను అడగాలి.

ఒక రైతుకు ఆరెకరాలు. వీలునామా రాయకుండా పోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. తల్లి ముందే పోయింది. ఆ ఆరెకరాలు ఆయన కొనుక్కున్న స్వార్జితం అయితే నలుగురికీ సమాన వాటా. తలా ఎకరం 20 గుంటలు. తల్లి బతికి ఉంటే ఆమె కూడా వారసురాలే, ఐదు వాటాలు.

అదే ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితం అయితే లెక్క రెండు మెట్లు. మొదట తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు నలుగురికీ తలా ఎకరంన్నర. తర్వాత తండ్రి వాటా ఎకరంన్నరను భార్య, ముగ్గురు పిల్లలు నలుగురూ పంచుకుంటారు. తలా 15 గుంటలు. అంటే ఒక్కొక్క బిడ్డకు ఎకరం 35 గుంటలు, భార్యకు 15 గుంటలు. ఇంటి ఆమెకు దక్కేది ఎంత తక్కువో చూడండి. తన వాటా వరకు వీలునామా రాసే హక్కు ఆయనకు ఉంది. ఆమె గురించి ఆలోచన ఉంటే అది బతికుండగానే రాయాలి. ఒక హెచ్చరిక: 1956 తర్వాత తండ్రి స్వార్జితం నుంచి కొడుక్కి వారసత్వంగా వచ్చిన భూమిని ఊళ్లో పిత్రార్జితం అంటారు గానీ, చట్టం దాన్ని ఆ కొడుకు సొంత ఆస్తిగానే చూస్తుంది. భూమి ఎవరికి ఎప్పుడు ఎలా వచ్చిందో ముందు తేల్చుకుని తర్వాత వాటాలు కట్టండి.

కూతురి వాటా అనేసరికి "పెళ్లిలో కట్నం ఇచ్చాం, పసుపుకుంకుమ కింద ఇచ్చాం" అనే మాట వస్తుంది. కట్నం ఇచ్చినంత మాత్రాన వారసత్వ హక్కు పోదు. ఈ విషయంలో మన రాష్ట్రం దేశానికి దారి చూపింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన 1986 సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్లి అయినా కాకపోయినా, కూతుళ్లందరికీ ఆ హక్కు వచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని, అది పుట్టుకతో వచ్చే హక్కని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు అయిన పంపకాలను తిరగతోడరు. ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నామంటే మాత్రం, ప్రభుత్వ రికార్డుల ఆధారం లేకుండా కోర్టు మామూలుగా ఒప్పుకోదు.

ఆడపడుచు ఇష్టపడి వదులుకుంటే అది ఆమె ఇష్టం. అప్పుడు కూడా హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు కావాలి. ఆమెను పిలవకుండా, అడగకుండా అన్నదమ్ములే కాగితం రాసుకుంటే ఆ భూమి అమ్మబోయిన రోజు, బ్యాంకులో పెట్టబోయిన రోజు చిక్కు వస్తుంది. ఇంకా ముఖ్యంగా, మన సంఘం న్యాయం అడిగే సంఘం. ఇంట్లో ఆడబిడ్డ వాటా ఎగ్గొట్టి, బయట హక్కుల గురించి మాట్లాడలేం.

ఇక కాగితాలు. మనిషి పోయాక మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి. వారసులంతా కూర్చుని భాగపంపకాలు చేసుకుని, దస్తావేజు రిజిస్టరు చేయించండి. దాంతో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, 1-బి లో పేరు మారిందో లేదో మీభూమిలో చూసుకోవచ్చు. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025 నుంచి భూభారతి ఉంది. అయితే పాసుపుస్తకంలో పెద్దకొడుకు పేరు ఒక్కటే ఎక్కినంత మాత్రాన మిగతా వారసుల వాటా పోదు. అలాగే బ్యాంకు డిపాజిట్‌లో నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి. వారసులకు పంచే బాధ్యత ఆ మనిషిది.

వీలునామా రాయడానికి స్టాంపు కాగితం అక్కరలేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. రాసినవాళ్ల సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఆస్తి అందుకునేవాళ్లను సాక్షులుగా పెట్టొద్దు. వీలునామా రాస్తే చావు పిలిచినట్టని భయపడేవాళ్లున్నారు. రాయకపోతే అన్నదమ్ములు కోర్టుల చుట్టూ తిరుగుతారు, పొలం బీడు పడుతుంది.

పుస్తకం ఎవరు రాయాలి?

వంద పేజీల నోటు పుస్తకం ఒకటి చాలు. నాలుగు భాగాలు చేయండి. మొదటి దాంట్లో చేను వారీగా ఖర్చు, ఇంటివాళ్లు చేసిన పనిరోజులతో సహా. రెండో దాంట్లో రాబడి, కాటా చీటీలు పిన్ను కొట్టి. మూడో దాంట్లో అప్పులు: ఎవరి దగ్గర, ఏ తేదీ, ఎంత, వడ్డీ ఎంత, నోటా చేబదులా, చెల్లులు. మనకు రావలసిన బాకీలు కూడా అక్కడే. నాలుగో దాంట్లో సర్వే నంబర్లు, దస్తావేజు నంబర్లు, బ్యాంకు ఖాతాలు, బీమాలు, నామినీల పేర్లు, అసలు కాగితాలు ఎక్కడ ఉన్నాయో.

రాయడం రాదనకండి. మన ఇళ్లలో ఆడవాళ్లు పాతికేళ్లుగా డ్వాక్రా సంఘాల్లో పొదుపు, అప్పు, వడ్డీ, కిస్తీ రాస్తున్నారు. సంఘం పుస్తకంలో పైసాతో సహా లెక్క చెప్పగలిగిన మనిషికి సొంత ఇంటి అప్పు ఎంతో తెలియకపోవడం మన తప్పు. పుస్తకం ఆమె చేతికి ఇవ్వండి. బడికి వెళ్లే పిల్లతో రాయించండి. ఇంట్లో కనీసం ఇద్దరికి మొత్తం లెక్క తెలియాలి.

గ్రామ కమిటీలకు మూడు పనులు చెప్పి ముగిస్తాను. ఒకటి, వానాకాలం విత్తనాలు కొనేలోపు ప్రతి సభ్యుడి ఇంట్లో ఈ పుస్తకం మొదలుకావాలి. రెండు, పట్టా ఇంకా చనిపోయినవాళ్ల పేరు మీదే ఉన్న కుటుంబాల జాబితా రాసి, తహసీల్దారు కార్యాలయానికి అందరూ కలిసి వెళ్లాలి. మూడు, ఊళ్లో ఏ రైతు చనిపోయినా, దినకర్మ లోపే సంఘం నుంచి ఇద్దరు ఆ ఇంటికి వెళ్లాలి, అందులో ఒకరు మహిళ అయి ఉండాలి. ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని ఆ తల్లికి చెప్పాలి. అప్పులవాళ్లు వచ్చినప్పుడు ఆమె పక్కన కూర్చోవాలి. దండలు వేసి రావడం కంటే ఆ ఇంటికి అది ఎక్కువ అవసరం.